క్రియాన్సా అంటే పెంపకం: స్పెయిన్ వైన్‌లో పీపా పని, సీసా పని

రియోహా ప్రాంతపు వైన్ సీసాని వెనక్కి తిప్పి చూస్తే, ఒక చిన్న ముద్ర కాగితం అంటించి ఉంటుంది. ఆకుపచ్చ, ఎరుపు, ముదురు ఎరుపు, నీలం రంగుల్లో ఏదో ఒకటి. చాలామంది దాన్ని చూడకుండానే బిరడా తీసేస్తారు. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కన్నా ఆ బిళ్ల చెప్పేదే ఎక్కువ. అమ్మకానికి రాకముందు ఆ వైన్ ఎంతకాలం పీపాలో ఉంది, ఎంతకాలం సీసాలో ఉంది అన్న లెక్క ఆ రంగులోనే ఉంటుంది.

ఎరుపు బిళ్ల మీద 'క్రియాన్సా' అని రాసి ఉంటుంది. పిల్లల్ని పెంచడం అన్న అర్థంలో స్పానిష్ వాళ్లు వాడే క్రియ నుంచే ఈ మాట వచ్చింది. అంటే పెంపకం. ద్రాక్ష కోసి, తొక్కి, పులియబెట్టేసరికి వైన్ పుట్టింది, అంతే. దాన్ని నలుగురిలోకి పంపాలంటే పెంచాలి. స్పెయిన్ దేశపు వైన్ ఆలోచన మొత్తం ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది.

లెక్క ఇలా ఉంటుంది. రియోహాలో క్రియాన్సా ఎర్ర వైన్ మొత్తం రెండేళ్లు ఆగాలి, అందులో కనీసం ఏడాది పీపాలో గడవాలి. ముదురు ఎరుపు బిళ్ల రెసెర్వాది. దానికి మూడేళ్లు, అందులో పీపాలో కనీసం ఏడాది, సీసాలో కనీసం ఆరు నెలలు. నీలం బిళ్ల గ్రాన్ రెసెర్వాకి ఐదేళ్లు పడుతుంది. పీపాలో రెండేళ్లు, సీసాలో రెండేళ్లు తప్పనిసరి, మిగిలిన ఏడాది ఎక్కడ ఉంచాలన్నది బోదెగా వాళ్ల ఇష్టం. వైన్ చేసి దాచే చోటుని అక్కడ బోదెగా అంటారు. దేశమంతటికీ వర్తించే 2003 నాటి చట్టం ఇంత కఠినంగా ఉండదు. ఆ చట్టం ప్రకారం క్రియాన్సాకి పీపాలో ఆరు నెలలు చాలు, గ్రాన్ రెసెర్వాకి పద్దెనిమిది నెలలు. పీపా 330 లీటర్లకు మించకపోతే సరిపోతుంది. అందుకే ఒకే మాట రెండు ప్రాంతాల సీసాల మీద కనిపించినా లోపలి లెక్క ఒకటే అనుకోకూడదు.

ఈ నియమాల వెనక ఒక మంచి అలవాటు ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డో లాంటి చోట్ల ఖరీదైన వైన్ కుర్రతనంలోనే అమ్ముడుపోతుంది. కొన్నవాళ్లే తమ నేలమాళిగలో పదేళ్లో ఇరవయ్యేళ్లో దాచుకోవాలి. స్పెయిన్‌లో ఆ ఎదురుచూపు అమ్మేవాళ్ల పని. ఐదేళ్ల పాటు సరుకు కదలకుండా, డబ్బు రాకుండా, అద్దెలూ జీతాలూ కడుతూ బోదెగానే భరిస్తుంది. కొన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి ఆ సాయంత్రమే తాగొచ్చు. నేలమాళిగ లేని మామూలు మనుషులకి ఇంతకన్నా మేలు చేసిన వైన్ సంప్రదాయం ఇంకోటి కనబడదు.

ఇంతకీ ఆ రెండేళ్లలో పీపా ఏం చేస్తుంది? చెక్క వాసన పట్టిస్తుందని అందరూ అంటారు. అది నిజమే, కానీ సగం నిజం, అందులోనూ చిన్న సగం. పీపా చేసే పెద్ద పని గాలి ఇవ్వడం.

కొత్త ఎర్ర వైన్ నోట్లో పోసుకుంటే పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పిడచకట్టుకుపోతుంది. ఆ వగరుకి కారణం ద్రాక్ష తొక్కలోంచీ గింజల్లోంచీ వచ్చే టానిన్లు. అవి మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి, అందుకే నోరు ఎండిపోయినట్టు అనిపిస్తుంది. ఓక్ చెక్క గుండా, పలకల అతుకుల గుండా, మూత బెజ్జం గుండా చాలా కొద్దిగా ఆక్సిజన్ పీపాలోకి వెళుతూ ఉంటుంది. ఆ కొద్దిపాటి గాలి ఆల్కహాల్‌లో కొంత భాగాన్ని అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది మధ్యవర్తిలా నిలబడి టానిన్లనీ, రంగునిచ్చే ఆంథోసయనిన్లనీ ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. విడిగా ఉన్నప్పుడు రంగు నిలవదు, వగరు తగ్గదు. ముడిపడ్డాక రంగు స్థిరపడుతుంది, వగరు మెత్తబడుతుంది. మరీ పెద్ద ముడులు బరువెక్కి అడుక్కి దిగి మడ్డి అవుతాయి. నేరేడు పండు రంగులో మొదలైన వైన్ కెంపు రంగుకీ, ఏళ్లు గడిచేకొద్దీ అంచుల్లో ఇటుక రంగుకీ తిరగడం ఈ పని వల్లే.

ఎక్కువ గాలి తగిలితే వైన్ వెనిగర్ దారి పడుతుంది, అసలు తగలకపోతే మూసుకుపోతుంది. ఓక్ చెక్క ఆ రెంటికీ మధ్య నడుస్తుంది. వందల ఏళ్లుగా మట్టికుండలూ తోలు తిత్తులూ సిమెంటు తొట్లూ స్టీలు ట్యాంకులూ వచ్చినా, ఇంత లెక్కగా గాలి ఇచ్చే పాత్ర మరొకటి అంత తేలిగ్గా దొరకలేదు. పీపా పరిమాణం కూడా ఇందుకే ముఖ్యం. 225 లీటర్ల పీపాలో సుమారు 300 సీసాల వైన్ పడుతుంది. పీపా ఎంత చిన్నదైతే లోపలి వైన్‌కి అంత ఎక్కువ చెక్క తగులుతుంది. అన్నట్టు, పీపా అన్న మాట మనకు వచ్చింది పోర్చుగీసు ఓడలతోనే. స్పానిష్‌లోనూ అదే మాట ఉంది.

ఇక వాసన సంగతి. పీపా చేసే ముందు ఓక్ పలకల్ని రెండు మూడేళ్లు ఆరుబయట ఎండకీ వానకీ వదిలేస్తారు. చెక్కలోని చేదు కొట్టుకుపోవడానికి. ఆ తర్వాత పలకల్ని గుండ్రంగా వంచడానికి మధ్యలో నిప్పు పెడతారు. ఆ నిప్పుకి లోపలి వైపు కాలుతుంది. ఎంత కాల్చాలన్నది వైన్ చేసేవాళ్లు ముందే చెబుతారు. తక్కువ కాలిస్తే పచ్చి చెక్క, మధ్యస్థంగా కాలిస్తే వెనిలా, బాదం, పాకం వాసనలు, బాగా కాలిస్తే పొగ, కాఫీ. ఓక్‌లో యూజినాల్ ఉంటుంది. లవంగ నూనెకి ఆ ఘాటు ఇచ్చేది కూడా అదే పదార్థం, కాబట్టి రియోహాలో లవంగం వాసన తగిలిందంటే అది ఊహ కాదు.

అమెరికా ఓక్, ఫ్రెంచి ఓక్ తేడా ఇక్కడే మొదలవుతుంది. అమెరికా తెల్ల ఓక్‌లో లాక్టోన్లు ఎక్కువ. వాటి వాసన ఎండు కొబ్బరిలా, కాస్త సోయకూరలా ఉంటుంది. పాత పద్ధతి రియోహాని కళ్లు మూసుకుని వాసన చూసినా గుర్తుపట్టగలిగేది ఈ కొబ్బరి, వెనిలాల వల్లే. ఫ్రెంచి ఓక్‌లో ఆ వాసన తక్కువ, మసాలా దినుసుల వాసన ఎక్కువ, చెక్క టానిన్లూ ఎక్కువే. ధరలో తేడాకి కారణం మాత్రం చెట్టు లోపల ఉంది. అమెరికా ఓక్‌లో నీటి నాళాలు సహజంగానే పూడుకుని ఉంటాయి, కాబట్టి దుంగని రంపంతో ఎటు కోసినా పలక కారదు. ఫ్రెంచి ఓక్‌ని చెక్క నార వెంబడే చీల్చాలి, లేకపోతే కారుతుంది. అలా చీలిస్తే దుంగలో దాదాపు పావు వంతే పనికొస్తుంది. అందుకే ఫ్రెంచి పీపా ధర అమెరికా పీపాకి ఇంచుమించు రెట్టింపు.

పైన చెప్పిన వాసనలన్నీ కొత్త పీపావి. మూడు నాలుగు సార్లు నింపి ఖాళీ చేశాక చెక్కలోని వాసన చాలామటుకు అయిపోతుంది. గాలి ఇవ్వడం మాత్రం ఆగదు. పాత పీపాలో ఆరేళ్లు ఉన్న వైన్‌కి కొత్త పీపాలో ఏడాది ఉన్న వైన్ కన్నా తక్కువ చెక్క వాసన ఉండొచ్చు. సీసా వెనక బిళ్ల నెలల్ని చెబుతుంది కానీ పీపా వయసు చెప్పదు. ఆ బిళ్లలోని పెద్ద లోటు ఇదే.

రియోహాకి పీపా ఎలా వచ్చిందో చూస్తే ఈ అలవాటు ఎంత ఆలస్యంగా స్థిరపడిందో తెలుస్తుంది. ఒకప్పుడు అక్కడి వైన్ ఏడాదిలోపు తాగేయాల్సిన సరుకు. మన తాటికల్లంత తొందర లేకపోయినా, వేసవి దాటితే పులిసిపోతుందన్న భయం ఉండేది. 18వ శతాబ్దం చివర్లో లబస్తీదా ఊరికి చెందిన మాన్వేల్ కింతానో అనే చర్చి అధికారి బోర్డో వెళ్లి పీపా పద్ధతి నేర్చుకొచ్చాడు. అతని వైన్ సముద్రం మీద క్యూబా దాకా వెళ్లి చెడకుండా చేరింది. అయినా ఊళ్లో అతని పని సాగలేదు. అందరి వైనూ ఒకే ధరకి అమ్మాలన్న స్థానిక నియమం అడ్డొచ్చింది. పీపాలకి డబ్బు పోసి, రెండేళ్లు ఆగి, పక్కవాడి కొత్త వైన్ ధరకే అమ్మమంటే ఎవరికి గిట్టుతుంది? చాలా తెలివైన పద్ధతి ఒక చిల్లర ధరల నియమం వల్ల అర శతాబ్దం పైగా వెనకపడింది.

1852లో లుసియానో దె మురియెతా లోగ్రోన్యోలో బోర్డో పద్ధతి వైన్ మళ్లీ చేశాడు. 1858లో ఎల్సియేగో ఊళ్లో మార్కేస్ దె రిస్కాల్ అనే బోదెగా మొదలైంది. పద్ధతి నేర్పడానికి ఝాన్ పినో అనే ఫ్రెంచి నిపుణుణ్ణి ఆ జిల్లా పాలకులే రప్పించారు. 1860ల్లో ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటల వేర్లు తినడం మొదలుపెట్టింది. బోర్డో వ్యాపారులు వైన్ కోసం పిరెనీస్ కొండలు దాటి దక్షిణానికి వచ్చారు. హారో పట్టణానికి అప్పటికే రైలు వచ్చింది. స్టేషన్ పక్కనే బోదెగాలు లేచాయి. 1877లో లోపెస్ దె ఎరేదియా, 1879లో కూనె, ఇంకా ఎన్నో. ఆ పేటని ఇప్పటికీ స్టేషన్ పేట అనే పిలుస్తారు. 1895లో బోర్డో ప్రదర్శనలో రిస్కాల్ వైన్‌కి గౌరవ పత్రం దక్కింది, ఫ్రెంచి వాళ్లది కాని వైన్‌కి అది దక్కడం అదే మొదటిసారి. పద్ధతి బోర్డోదే అయినా చెక్క మాత్రం అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చింది. స్పెయిన్‌కి అమెరికా ఖండంతో ఓడల రాకపోకలు పాతవి, అక్కడి కలప చవక. అలా బోర్డో ఆలోచన, అమెరికా చెక్క, స్పెయిన్ ద్రాక్ష కలిసి కొబ్బరి వాసన వేసే ఆ రుచి పుట్టింది.

స్టేషన్ పేటలో పాత పద్ధతి వదలని బోదెగాల్లో ఒక పని చూడదగ్గది. పీపాలో మడ్డి దిగాక, పైనున్న తేట వైన్‌ని మరో పీపాలోకి మార్చాలి. స్పానిష్‌లో దీన్ని త్రాసియెగా అంటారు. ఒక మనిషి పీపా ముందు వంగి కూర్చుంటాడు. అడుగు నుంచి వైన్ సన్నటి ధారగా కారుతుంటుంది. చేతిలో చిన్న గ్లాసు, గ్లాసు వెనక వెలుగుతున్న కొవ్వొత్తి. మధ్యమధ్యలో గ్లాసు నింపి ఆ వెలుతురులో చూస్తాడు. గ్లాసు గుండా కొవ్వొత్తి మంట స్పష్టంగా కనిపించినంత సేపూ వైన్ పారుతుంది. మంట మీద పొగమంచు లాంటి మసక పడగానే ధార కట్టేస్తాడు. మడ్డి మొదలైందని అర్థం. పప్పు వార్చేటప్పుడు తేట కట్టు ఎక్కడ ఆపాలో తెలిసిన చేతికి ఈ మెలకువ కొత్తగా అనిపించదు. ఈ మార్పిడిలోనే వైన్‌కి మరికొంత గాలి తగులుతుంది, అదీ లెక్కలోదే. చివర్లో మిగిలిన వగరు తీయడానికి కోడిగుడ్ల తెల్లసొన గిలక్కొట్టి పీపాలో పోస్తారు, పీపాకి మూడు నాలుగు గుడ్లు. సొనలోని ప్రోటీను టానిన్లను పట్టుకుని అడుక్కి దిగుతుంది. హారోలోని మూగా బోదెగా పీపాలు కూడా సొంతంగానే చేసుకుంటుంది, తెల్లసొన పద్ధతినీ వదల్లేదు.

ఇప్పుడు సీసా. పీపా గాలి ఇచ్చి పెంచితే, సీసా గాలి ఆపి పెంచుతుంది. బిరడా బిగించాక లోపల మిగిలిన కాస్త ఆక్సిజన్ కొద్ది రోజుల్లో ఖర్చయిపోతుంది. తర్వాత బిరడా గుండా వచ్చేది నామమాత్రం. ఆ చీకట్లో, ఆ ఊపిరి అందని చోట మరో రకం మార్పులు మొదలవుతాయి. కొత్త వైన్‌లో పండ్ల వాసనలిచ్చే కొన్ని ఎస్టర్లు విడిపోతాయి, వేరేవి మెల్లగా ఏర్పడతాయి. ఎర్ర పండ్లు ఎండు పండ్లవుతాయి, ఆ తర్వాత తోలు, పొగాకు, తడి ఆకులు, పుట్టగొడుగుల వాసనలు తేలతాయి. పీపాలోంచి వచ్చిన వెనిలా, కొబ్బరి విడిగా తెలియకుండా లోపలికి ఇంకిపోతాయి.

మన భాషలో దీనికి సరిపోయే మాట ఊరడం. కలిపిన రోజు ఆవకాయలో ఉప్పు ఉప్పుగా, కారం కారంగా, పులుపు పులుపుగా దేనికది నిలబడి ఉంటుంది. ఊరాక ఏది ఏదో విడదీయలేం. పీపాలోంచి అప్పుడే తీసిన వైన్‌లో చెక్క చెక్కగా, పండు పండుగా, వగరు వగరుగా ఉంటాయి. సీసాలో రెండేళ్లు ఉన్నాక అవి కలుస్తాయి. గ్రాన్ రెసెర్వాకి సీసాలోనే రెండేళ్లు అడగడం వెనక ఉన్న తెలివి ఇదే. పీపా ఎంత బాగున్నా సీసా దశ కోసేస్తే ఆ వైన్ అతుకుల బొంతలానే ఉంటుంది.

లోపెస్ దె ఎరేదియా నేలమాళిగలో పాత సీసాలు దాచిన చోట గోడల నిండా బూజు, సాలెగూళ్లు దట్టంగా వేలాడుతుంటాయి. నిర్లక్ష్యం వల్ల కాదు, కావాలనే తుడవరు. బిరడాని తొలిచే చిన్న పురుగుల్ని సాలీళ్లు తినేస్తాయి. ఆ బోదెగా తెల్ల వైన్లు, ముఖ్యంగా వీన్యా తొందోనియా, ఏళ్ల తరబడి పాత పీపాల్లో ఉండి, మళ్లీ ఏళ్ల తరబడి సీసాల్లో ఉండి తేనె రంగులో బయటికొస్తాయి. తెల్ల వైన్ అంటే చల్లగా, కొత్తగా తాగేదేనన్న నమ్మకం ఆ ఒక్క గ్లాసుతో కదిలిపోతుంది. మార్కేస్ దె మురియెతా వాళ్ల 1986 నాటి కస్తీయో ఇగాయ్ తెల్ల వైన్ అయితే 252 నెలలు అమెరికా ఓక్ పీపాలో ఉంది. అంటే ఇరవై ఒక్క ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకు పైగా సిమెంటు తొట్టిలో ఉంచి, అప్పుడు సీసాల్లో నింపారు. ఇన్నేళ్ల గాలికి కూడా నిలిచిందంటే అది ఆ ద్రాక్షలోని పులుపు బలం. పులుపు తక్కువైన వైన్ ఇందులో పదో వంతు కాలం కూడా తట్టుకోదు.

పాత సీసాకి విలువ పెరిగేసరికి మోసమూ పుట్టింది. ఖాళీ సీసాల్లో నాసిరకం వైన్ పోసి అమ్మేవాళ్లు. దాన్ని ఆపడానికే రిస్కాల్ సీసా చుట్టూ బంగారు రంగు తీగ వల అల్లి బిగించేవారు. వల తెంపకుండా బిరడా తీయలేరు. ఇప్పుడు ఆ వల అందానికి మాత్రమే మిగిలింది, చాలా బోదెగాలు దాన్ని కాపీ కొట్టాయి.

రిబేరా దెల్ దువేరో అనే మరో స్పెయిన్ వైన్ ప్రాంతపు నియమాలు రియోహా నియమాలకి దగ్గరగానే ఉంటాయి, ద్రాక్ష కూడా రియోహాలో లాగే ముఖ్యంగా టెంప్రానీయో రకం. కాకపోతే అక్కడ నేల ఎత్తు, రాత్రి చలి ఎక్కువ, వైన్ ముదురుగా దిగుతుంది, ఫ్రెంచి ఓక్ వాడకం ఎక్కువ. 1864లో మొదలైన వేగా సిసీలియా బోదెగా అక్కడిదే. దాని ఊనికో వైన్ పెద్ద చెక్క తొట్లలో, కొత్త పీపాల్లో, పాత పీపాల్లో, చివరికి సీసాలో కలిపి సుమారు పదేళ్లు గడిపాకే బయటికి వస్తుంది. పంట నచ్చని ఏళ్లలో అసలు విడుదలే చేయరు.

1990లు వచ్చేసరికి ఈ పద్ధతి మొత్తం కొందరికి పాత చింతకాయ పచ్చడిలా కనిపించింది. కొబ్బరి వాసన, పలచటి ఇటుక రంగు, ఏళ్ల ఎదురుచూపు ఎందుకన్నారు. బాగా పండిన ద్రాక్ష, కొత్త ఫ్రెంచి పీపా, పద్దెనిమిది నెలలు, ముదురు రంగు, ఎక్కువ ధర. ఈ కొత్త తరం వైన్లలో చాలావాటికి రెసెర్వా, గ్రాన్ రెసెర్వా బిళ్లలు అక్కర్లేకపోయాయి. వాళ్లు ఈ గడువుల షరతు లేని ఆకుపచ్చ బిళ్లతోనే అమ్మారు. అందుకే ఆకుపచ్చ బిళ్ల చూసి చవక వైన్ అనుకోవడం పొరపాటు. ఆ గుంపులో చాలా వైన్లు మొదట్లో మెరిసి, పదేళ్లకి చెక్క ఒక పక్క, పండు ఒక పక్క విడిపోయి కూర్చున్నాయి. అందరికీ ఇది వర్తించదు, కానీ పీపా వాసనని పీపా పెంపకం అనుకున్నవాళ్లకి మాత్రం కాలం సమాధానం చెప్పింది.

వాళ్లు లేవనెత్తిన మరో ప్రశ్న మాత్రం న్యాయమైంది. వైన్ ఎన్ని నెలలు ఆగిందో చెబుతున్నారు సరే, ఏ తోటలో పండిందో ఎందుకు చెప్పరు? అర్తాది అనే పేరున్న బోదెగా ఈ గొడవ మీదే 2015 చివర్లో రియోహా వ్యవస్థ నుంచి బయటికి వచ్చేసింది. 2017లో రియోహా నియంత్రణ మండలి 'ఒకే తోట' వైన్లకి వేరే గుర్తింపు తెచ్చింది. తీగలకి కనీసం 35 ఏళ్లు ఉండాలి, దిగుబడి తక్కువ ఉండాలి, చేత్తోనే కోయాలి. నిజానికి కాలానికీ నేలకీ మధ్య పోటీ పెట్టాల్సిన పని లేదు. ఆ లెక్కలో ఇన్నాళ్లూ నేల వెనకపడిందన్నది మాత్రం ఒప్పుకోవాలి.

స్పెయిన్ దక్షిణాన హెరెస్‌లో పీపాల కథ పూర్తిగా వేరు. షెర్రీ అనే వైన్‌కి పుట్టిల్లు అది. అక్కడ చెక్క వాసన ఎవరికీ అక్కర్లేదు. పీపా ఎంత పాతదైతే అంత మంచిది, కొన్ని తరాలుగా అవే పీపాలు. 600 లీటర్ల పీపాలో 500 లీటర్లే పోసి పైన ఖాళీ వదులుతారు. పీపాకి బయట నల్ల రంగు వేస్తారు, ఎక్కడైనా కారితే వెంటనే కనబడాలని. పాలోమీనో ద్రాక్షతో చేసిన తెల్ల వైన్‌కి ఆల్కహాల్ కలిపి 15 శాతానికి తెస్తే, ఆ ఖాళీలో వైన్ మీద ఈస్టు ఒక తెల్లటి పొరగా కడుతుంది. దీన్ని ఫ్లోర్ అంటారు, పువ్వు అని అర్థం. మరిగి చల్లారిన పాల మీది మీగడలా ముడతలు పడి ఉంటుంది. ఆ పొర పైనుంచి వచ్చే ఆక్సిజన్‌ని తనే తినేసి, కింద వైన్‌ని గాలి తగలకుండా కాపాడుతుంది. వైన్‌లోని గ్లిసరాల్‌ని కూడా తింటుంది, అందుకే ఫీనో షెర్రీ అంత పొడిగా, బాదం పప్పు వాసనతో ఉంటుంది. అదే వైన్‌ని 17 శాతం దాటిస్తే ఈస్టు బతకదు. పొర లేక గాలి నేరుగా తగిలి వైన్ నల్లబడుతూ, చిక్కబడుతూ ఒలోరోసో అవుతుంది. మొదట పొర కింద పెరిగి, పొర పోయాక గాలిలో పెరిగితే అమోంతియాదో. ఒకే ద్రాక్ష, ఒకే ఊరు, ఒకే రకం పీపా. తేడా అంతా గాలి తగలడంలోనే. పీపా అసలు పని గాలి అనడానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు ఇంకెక్కడా దొరకదు.

ఫ్లోర్ సుకుమారమైనది. వేడికి తట్టుకోలేదు. అందుకే హెరెస్ బోదెగాలు గుళ్లలా ఎత్తైన కప్పులతో, మందపాటి తెల్ల గోడలతో కడతారు. కిటికీలకి గడ్డితో అల్లిన తడికలు వేలాడదీస్తారు, నేల మీది మట్టిని నీళ్లతో తడుపుతారు. వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లిన ఇంట్లో పెరిగినవాళ్లకి ఆ చల్లదనం తెలుసు. సముద్రం పక్కనున్న సన్లూకర్‌లో తేమ ఎక్కువ, పొర మందంగా కడుతుంది. అక్కడి ఫీనోని మన్జనీయా అంటారు.

షెర్రీ సీసా మీద మామూలుగా సంవత్సరం ఉండదు. దానికి కారణం సొలేరా పద్ధతి. పీపాల వరసలు ఒకదాని మీద ఒకటి. అన్నిటికన్నా పాత వైన్ ఉన్న వరస సొలేరా, నేలకి దగ్గరది. అమ్మకానికి అందులోంచి కొంత మాత్రమే తీస్తారు. తీసినంత మేర తర్వాతి వరసలోంచి నింపుతారు, ఆ వరసని దాని పై వరసలోంచి. చిట్టచివరి వరసకి కొత్త వైన్. ఆ పై వరసల్ని క్రియాదెరా అంటారు, పెంచే చోటు అని. మళ్లీ అదే పెంపకం మాట. ఒక వరసలోంచి ఏటా ఐదో వంతు తీస్తున్నారనుకుంటే, పదేళ్ల తర్వాత కూడా మొదటి వైన్‌లో పదో వంతు అందులో మిగిలే ఉంటుంది. పెరుగుకి తోడు వేసినట్టు పాతది కొత్తదాన్ని తన రుచిలోకి తెచ్చుకుంటుంది. సగటున 20 ఏళ్లు దాటినవాటికీ 30 ఏళ్లు దాటినవాటికీ వేర్వేరు గుర్తింపులున్నాయి. ప్రపంచమంతా తెలిసిన ఫీనో టియో పెపె పేరు వెనకున్నది ఒక మేనమామ. 1835లో వ్యాపారం మొదలుపెట్టిన మాన్వేల్ మరీయా గొన్సాలెస్‌కి షెర్రీ గురించి నేర్పింది ఆయన తల్లి తమ్ముడో అన్నో అయిన హోసే. హోసేని ముద్దుగా పెపె అంటారు. పెపె మావయ్య పేరే సీసా మీదకి ఎక్కింది.

ఇక్కడా వైన్‌ని తేట చేయడానికి తెల్లసొన వాడేవాళ్లు. పచ్చసొనలు మిగిలిపోయేవి. వాటిని ఊళ్లోని సన్యాసినుల మఠాలకి ఇచ్చేవాళ్లు. వాళ్లు చక్కెర పాకంతో కలిపి తోసీనో దె సియేలో అనే మిఠాయి చేశారు. హెరెస్‌లో ఇప్పటికీ అది దొరుకుతుంది.

షెర్రీ పీపా మన దేశానికీ వచ్చింది. బెంగళూరులో అమృత్ వాళ్లు చేసే ఒక సింగిల్ మాల్ట్ విస్కీ కొంతకాలం షెర్రీ పీపాల్లో ఉంటుంది. పేరులోనే షెర్రీ ఉంది. హెరెస్‌లో పీపాలోంచి ఏడాదికి 3, 4 శాతం ఆవిరైపోతే, బెంగళూరు వేడికి అది 10 శాతం దాటుతుంది. విస్కీ సీసా మీద షెర్రీ పీపా అని కనిపించగానే ఏ వందేళ్ల సొలేరాలోంచో తెచ్చిన పీపా అనుకుంటారు. సాధారణంగా అది కాదు. సొలేరా పీపాల్ని ఎవరూ అమ్ముకోరు. విస్కీ కోసమే కొత్త పీపాలు చేయించి, వాటిలో ఏడాదో రెండేళ్లో షెర్రీ ఉంచి పంపుతారు.

సీసా ఒక్కటే పెంపకం చేసే వైన్ కూడా స్పెయిన్‌లో ఉంది. అది కావా, ఎక్కువగా కాటలోనియాలో చేసే బుడగల వైన్. రెండోసారి పులియడం సీసాలోనే జరుగుతుంది, ఆ ఈస్టు మడ్డి మీదే కనీసం తొమ్మిది నెలలు ఉండాలి. రెసెర్వాకి 18 నెలలు, గ్రాన్ రెసెర్వాకి 30. మాటలు అవే, లెక్క వేరు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక సీసా దాచుకోవాలనుకునేవాళ్లకి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. సీసాలో ఊరడానికి 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో 40 దాటే గదిలో, బీరువా పైన పెట్టిన వైన్ ఊరదు, ఉడుకుతుంది. క్రియాన్సా అయినా గ్రాన్ రెసెర్వా అయినా ఆగాల్సినంత కాలం అక్కడే ఆగి వచ్చింది, దాన్ని మళ్లీ ఏళ్ల తరబడి దాచనక్కర్లేదు. పాత గ్రాన్ రెసెర్వా అయితే ముందు రోజే నిలబెట్టి ఉంచితే మడ్డి అడుక్కి చేరుతుంది. మరీ పాతవి తెరిచాక గంటా రెండు గంటల్లోనే వాడిపోతాయి, అప్పుడే పోసుకోవాలి. ఫీనో తెరిస్తే ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో అయిపోగొట్టాలి. పీపాలో దాన్ని కాపాడిన పొర సీసాలోకి రాలేదు మరి. ఒలోరోసో మాత్రం తెరిచి మూత పెట్టిన సీసాలో నెల దాటినా బాగానే ఉంటుంది.